తరుగు తీయని పద్నాలుగు

పోయినవి మొత్తం పద్నాలుగు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు. నీలం చేపలు నాలుగు. నలుపూ తెలుపూ చారలవి రెండు. పసుపు చేప ఒకటి. రాళ్ళ సందులో దాక్కుని ఆరేళ్ళలో ఎవరికీ సరిగ్గా కనపడనిది ఒకటి. దాని రంగు ఊదా అని చచ్చి తేలాకే తెలిసింది. ఇవి పది. ఎర్ర చారల రొయ్య ఒకటి, నత్తలు మూడు. నేనే దగ్గరుండి రెండుసార్లు లెక్కపెట్టాను. వీటితోపాటు ఆ ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకునే దారి కూడా పోయింది. దాన్ని ఏ కొలతలో రాయాలో తెలియక లెక్కలో చేర్చలేదు.

ఆ చేపల్ని తెచ్చిన మనిషి పోయిన నెలలో కన్నుమూశాడు. కర్మ రోజున భోజనాల దగ్గర అందరూ ఆయన ఎంత వ్యాపారం చేశాడో చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆయన కుడిచెయ్యి ఒక్కటే కళ్ళ ముందు కదిలింది.

గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయలు కొనే వ్యాపారి ఆయన. కాయ ఎండిందో లేదో చూడటానికి నాలుగు కాయల్ని గుప్పిట్లో పట్టుకుని చెవి దగ్గర ఊపేవాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే తేమ ఉన్నట్టు. ఇది అందరూ చేసేదే. కానీ మిగతావాళ్ళు యార్డు దాటాక ఊపడం మానేస్తారు. ఈయన మానేవాడు కాదు. మందు సీసా ఇస్తే ఊపేవాడు. కొత్త వాచీ చూపిస్తే ఊపేవాడు. మా అబ్బాయి పెళ్ళి శుభలేఖ ఇస్తే దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "భోజనాలు ఎన్నింటికి?" అన్నాడు.

"పన్నెండున్నరకండి. అందులో వేశాం."

"అంటే రెండు," అన్నాడు. రెండింటికే వచ్చాడు. ఆకులు అప్పుడే వేస్తున్నారు.

ఆయనకి తరుగు తీయనిదే ఏ అంకే గొంతు దిగేది కాదు. బస్తా తూచాక గోనె బరువనీ, తేమనీ, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలనీ కొంత తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకోవడాన్ని మా వైపు తరుగంటారు. కాటా మీద కనపడే తూకం ఒకటి, పుస్తకంలోకి ఎక్కే తూకం ఇంకొకటి. ఆయన ఈ పద్ధతిని మనుషుల మాటలకి కూడా వర్తింపజేశాడు. "మాటలో తేమ ఉంటదయ్యా," అనేవాడు. "ఆరబెట్టి తూచుకోవాల." కొత్తవాళ్ళు ఏ అంకె చెప్పినా సగం తీసేసేవాడు. రాజకీయం మాట్లాడేవాళ్ళది బస్తా మొత్తం తాలే. బాగా తెలిసినవాళ్ళకి, నమ్మకస్తులకి మాత్రం వందకి ముప్పై. నన్ను ఆ ముప్పై వర్గంలో చేర్చినందుకు చాలాకాలం పొంగిపోయాను.

నాది యార్డు దాటాక రోడ్డు పక్కన లారీ కాటా. పదో తరగతితో బడి మానేసి, ఆ కాటా మీద కూర్చునే లెక్కలు నేర్చుకున్నాను. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, రెంటికీ తేడా. ప్రపంచంలో ఏ లెక్కయినా చివరికి ఈ మూడు గళ్ళలో ఇముడుతుందని నా నమ్మకం. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "లెక్కలూ" అనేవాడు.

ఒక మార్చి నెలలో, సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆయన భార్యకి జ్వరం వచ్చింది. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, నేను అక్కయ్య గారూ అంటాను. పొద్దున్నే థర్మామీటరు చూసుకుని, "నూట మూడుందండీ" అంది. ఈయన ఆ గొట్టాన్ని కూడా చెవి దగ్గర ఊపి, "ఇవెప్పుడూ ఎక్కువే చూపిస్తయ్. నూటొకటి అనుకో. మాత్ర వేసుకుని పడుకో" అని యార్డుకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఆవిడ వంటింట్లో పడిపోయి ఉంది. టైఫాయిడ్. పదకొండు రోజులు ఆస్పత్రి.

ఇంటికొచ్చాక ఆవిడ అరవలేదు, ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. ఆయనతో మాట్లాడటం మానేసింది, అంతే. వంట చేసేది, వడ్డించేది, మందులు అందించేది. మాట మాత్రం లేదు. మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆయన కాటా దగ్గరికి వచ్చి కూర్చుని, "మూడు నెలల్లో ఒక్క మాట లేదయ్యా" అన్నాడు. తరుగు తీయమంటారా అని నోటిదాకా వచ్చింది. మొహం చూసి మింగేశాను.

ఆయనకి ఒక సంగతి గుర్తుంది. ఆస్పత్రిలో డాక్టరు గది బయట అద్దాల తొట్టెలో చేపలుండేవి. ఆవిడ వాటి ముందు కూర్చుని ఏదో చెబుతూ ఉండేదట. వెంటనే తొట్టె కొనాలని నిర్ణయించాడు. షాపులో మంచినీళ్ళ చేపలు చూపిస్తే పెదవి విరిచాడు. "రంగు దిగిపోయిన కాయల్లా ఉన్నాయి. రంగున్న సరుకు చూపించు" అన్నాడు. రంగున్న సరుకంతా ఉప్పునీళ్ళలోనే ఉంది.

ఉప్పునీళ్ళ కోసం వేటపాలెం దాటి సముద్రం ఒడ్డుకి ఇద్దరం వెళ్ళాం. ఆయన పంచె ఎగ్గట్టి మోకాలి లోతు దిగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకుని, "ఒడ్డు నీళ్ళు. కాలవ కలిసింది. తరుగు తీయాల" అన్నాడు. సముద్రానికి తరుగు తీసిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. తెచ్చిన నీళ్ళు రెండు రోజుల్లో మడ్డి తేలాయి. ఆ తర్వాత సముద్రపు చేపల కోసం సంచుల్లో అమ్మే ఉప్పునే మంచినీళ్ళలో కలపడం మొదలుపెట్టాడు.

చేపలు వచ్చిన వారానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తొట్టె ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన వెనక పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"చూశావా పసుపూ," అంది ఆవిడ పసుపు చేపతో, "కాఫీ పెట్టి అరగంటైంది. చల్లారితే మళ్ళీ కాచేవాళ్ళు ఎవరూ లేరిక్కడ."

ఆయన పేపరు దించకుండా, "పసుపూ, అరగంట కాలేదని చెప్పమ్మా. ఇరవై నిమిషాలై ఉంటది" అన్నాడు.

"ఇరవైయో అరవైయో, తాగేవాళ్ళని తాగమను."

ఆయన లేచి కాఫీ తాగాడు. నా వైపు చూసిన చూపులో పంట అమ్ముడైన రైతు మొహం కనిపించింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సంసారం మొత్తం పసుపు చేప మీదుగా నడిచింది. కరెంటు బిల్లు, చుట్టాల పెళ్ళిళ్ళు, ఉప్మాలో జీడిపప్పు తక్కువైన సంగతి, అన్నీ. చేప అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. రెండు వైపులా వినేదీ, ఎవరి పక్షమూ తీసుకోనిదీ అదొక్కటే.

మూడో వారంలో నీళ్ళ మీద జిడ్డు పొర కట్టింది. ఆయన కంగారుగా నన్ను వెంటబెట్టుకుని షాపుకి పరుగెత్తాడు. షాపతను నలభై ఏళ్ళ నెమ్మదైన మనిషి. తన పెద్ద తొట్టె వెనక తగిలించిన గొట్టం లాంటి సామాను చూపించాడు. పైన చిన్న కప్పు, కప్పులో నల్లటి నీళ్ళు.

"ఏందయ్యా ఇది, కాఫీ డికాషనా?"

"ప్రొటీన్ స్కిమ్మర్ అండి. కింద సన్న బుడగలు వదులుద్ది. చేపలేసిన మురికీ, తినగా మిగిలిన మేతా ఆ బుడగల్ని పట్టుకుని, నురగై పైకొచ్చి ఈ కప్పులో పడుద్ది. ఇది లేకపోతే అంతా నీళ్ళలోనే కుళ్ళుద్దండి."

ఆయన కప్పు ఊడదీయించి, చెవి దగ్గర ఊపి, వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "తాలు. నీళ్ళలో తాలేరే మిషనని చెప్పరాదూ? ప్రొటీనూ గీటీనూ అంటావు."

"మీరెట్టా అనుకున్నా సరేనండి. ఇది ఆరొందల లీటర్ల దాకా పనిచేసుద్ది."

"నువ్వు కొత్తోడివి, నీకు సగం. మూడొందలు."

"పన్నెండేళ్ళ నుంచి షాపు నడుపుతున్నానండి."

"ఆరేళ్ళన్నమాట."

షాపతను నా వైపు జాలిగా చూశాడు. నేను అడిగాను, ఇది లేకుండా ఎవరూ పెంచరా అని.

"ఎందుకు పెంచరండీ, పెంచుతారు. తొట్టె చిన్నదై, చేపలు తక్కువై, వారం వారం కొన్ని నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోసే ఓపికుంటే అక్కర్లేదు. ఆ ఓపికున్న మనిషిని ఈ ఊళ్ళో నేనింకా చూళ్ళేదు. మీ ఇష్టం."

ఆయన పిసినారి అనుకుంటే పొరపాటు. ఆ మిషను ఖరీదు ఆయనకి లెక్కలోది కాదు. అక్కర్లేనిది కొన్నానని తర్వాత తేలితే మాత్రం తట్టుకోలేడు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "లెక్కలూ, కావాలో వద్దో నువ్వు తేల్చాల. ఆ చేపలు చస్తే నా ఇంట్లో నాతో మాట్లాడే దిక్కు లేదు. జాగ్రత్తగా వెయ్యి."

జాగ్రత్తగానే వేశాను. తొట్టె పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుక్కి ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు చొప్పున రెండు వందల యాభై అయిదు. నీళ్ళు అంచుకి రెండంగుళాలు కిందే ఉంటాయి కాబట్టి రెండు వందల ఇరవై ఏడు. లోపలి రాళ్ళూ ఇసకా ఎంత చోటు తింటాయో తెలుసుకోవడానికి వాటిని నిండు డ్రమ్ములో వేసి, పొర్లిన నీళ్ళు పట్టి కొలిచాను. ఇరవై ఏడు లీటర్లు. నికరం రెండు వందలు. అద్దం మీద నీళ్ళ మట్టం దగ్గర పెన్నుతో గీత గీశాను.

ఆయన సంబరపడిపోయాడు. "చూశావా, అద్దాల డబ్బా కూడా యాభై అయిదు లీటర్లు అబద్ధమాడింది."

పది చిన్న చేపలు. మేత రోజుకి చిటికెడు. వారానికి పదో వంతు నీళ్ళు మారిస్తే మురికి పేరుకోదు. రెండు వందల్లో పదో వంతు ఇరవై లీటర్లు, అంటే మనం తాగే నీళ్ళ క్యాను సరిగ్గా ఒకటి. క్యానుకి ఏడు వందల గ్రాముల ఉప్పు. ఈ ఆదివారం క్యాను తప్పకుండా పడినంతకాలం స్కిమ్మర్ అక్కర్లేదు. లెక్క నాలుగు వైపులా చూశాను. ఎక్కడా కారలేదు. షాపతని మాట మీద గెలిచానన్న సంతోషం కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి.

కాగితం మీద "వారానికి ఒక క్యాను, ఏడు వందల గ్రాములు" అని రాశాను. ఆయనకి ఇవ్వబోతూ ఆగాను. ఈయన నా అంకెకి ముప్పై తీస్తాడు. ఏడు వందలు నాలుగు వందల తొంభై అవుతుంది. ఒక క్యాను ముప్పావు క్యాను కూడా కాకుండా పోతుంది. చేపలు చస్తాయి. వాటితోపాటు నా లెక్కా చస్తుంది. ఆ కాగితం చించేసి ఇంకొకటి రాశాను: వారానికి రెండు క్యాన్లు, క్యానుకి ఒక కిలో ఉప్పు. కిలోకి ముప్పై శాతం తీస్తే ఏడు వందలు. రెండు క్యాన్లకి తీస్తే క్యాను సగంలో కొయ్యలేరు గనక ఒకటి.

ఆయన కాగితం చెవి దగ్గర ఊపాడు. చదివాడు. "ఒక క్యాను చాల్లే. కిలో ఎందుకు, ఏడొందలు చాలు" అన్నాడు. కాగితాన్ని తొట్టె పక్క అద్దానికి అంటించాడు. జీవితంలో నా లెక్క అంత కచ్చితంగా తేలిన సందర్భం ఇంకొకటి లేదు. సరైన అంకె రాబట్టడానికి తప్పు అంకె రాశానన్న సంగతి ఆ ఊపులో నాకు తప్పుగా తోచలేదు. తెలివిగా తోచింది.

ఆరేళ్ళు ఒక్క ఆదివారం తప్పలేదు. ఆయన పొద్దున్నే సంచిలోంచి ఉప్పు గుప్పిట్లతో తీసి క్యానులో వేసేవాడు. త్రాసు వాడేవాడు కాదు. నేను ఒకసారి పళ్ళెంలో పోయించి తూచాను. ఆరు వందల తొంభై అయిదు. ఇంకోసారి ఏడు వందల అయిదు. ఆఖర్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తలాడించి పోసేవాడు. ఉప్పు తేడా చూపించే గాజుబుడ్డి కొనమంటే, "నాలికుండగా బుడ్డెందుకు" అన్నాడు. నీళ్ళు అద్దంలా ఉండేవి. షాపతను ఒకసారి వచ్చి చూసి, "మీ ఓపికకి దండమండి" అన్నాడు. ఆ దండంలో కూడా ఆయన సగం తీసేశాడు.

ఏడో ఏట ఎండాకాలంలో ఆయన యార్డు మెట్ల మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, తర్వాత చీము, మళ్ళీ ఆపరేషన్. ఎనిమిది వారాలు ఆస్పత్రిలోనే. ఆవిడ రోజూ మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని వచ్చేది. అక్కడ పసుపు చేప లేదు. నేనున్నాను.

"తమ్ముడూ, రాత్రి నిద్ర పట్టిందేమో అడుగు."

"నిద్ర పట్టిందా అంటున్నారండీ."

"నాలుగు గంటలు పట్టిందని చెప్పు."

"నర్సు ఆరు గంటలంది. సొంత నిద్రక్కూడా తరుగేనా అని అడుగు తమ్ముడూ."

మంచానికి అటొకరూ ఇటొకరూ. మధ్యలో నేను నోరు తెరుస్తూ మూస్తూ. ఎనిమిది వారాలు ఆ ఇంటి పసుపు చేప నేనే.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం కలుపుతూ అంది: "చేపలకేం ఢోకా లేదని చెప్పు తమ్ముడూ. అద్దం మీద నువ్వు రాసిన కాగితముందే, దాని ప్రకారమే చేస్తన్నా. ఆయనలాగా చేత్తో కాదు, వంటింటి త్రాసు మీద పెట్టి. కిలో అంటే కిలో. రెండు క్యాన్లంటే రెండు."

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. ఆయన దిండు మీద తల తిప్పాడు.

"కిలో ఎక్కువ. తరుగు తీయమని చెప్పు."

"ఆయన తరుగు సంగతి నాకు తెలుసని చెప్పు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నూట మూడుని నూటొకటి చేసిన తరుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "రాసినోడివి నువ్వే కదా. నువ్వు చెప్పు, లెక్కలూ. కిలోనా, కాదా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఏడు వందలు అనాలి. అంతే. కానీ ఏడు వందలంటే ఆరేళ్ళుగా ఆ అద్దం మీద నా చేతిరాతతో తప్పు అంకె ఉన్నట్టు. ఆవిడ ఈ లోకంలో నమ్మిన ఒక్క కాగితమూ అబద్ధమైనట్టు, ఆవిడ ప్రాణం మీదికి తెచ్చిన తరుగు నిజమైనట్టు. పైగా కాటా మీద కూర్చున్న ఇన్నేళ్ళలో ఒక్క అంకె తప్పు రాశానని నన్ను ఎవరూ అన్నది లేదు.

"కాగితం మీద ఉన్నదేనండి," అన్నాను.

ఆవిడ తృప్తిగా పెరుగన్నం పెట్టింది. రేపు ఆవిడ ఒక్కర్తీ ఉన్నప్పుడు చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు ఆవిడకి రొంపన్నారు, ఆస్పత్రికి రాలేదు. ఆ మర్నాడు నాకు లారీలు ఎక్కువ. ఇంకో నాలుగు ఆదివారాలు గడిచాయి.

ముందు రొయ్య పోయింది. తర్వాత నత్తలు. ఎనిమిదో వారంలో మూడు రోజుల్లో పదీ తేలాయి. పసుపు చేప చివరిది. ఆవిడ ఫోను చేసి, "తమ్ముడూ, ఒకసారి రా" అంది. వెళ్ళి లెక్కపెట్టాను. షాపతను కూడా వచ్చాడు. తొట్టె చుట్టూ తిరిగి, స్కిమ్మర్ తగిలించాల్సిన చోట ఖాళీ చూసి, "నేనప్పుడే చెప్పానండి" అన్నాడు. ఆవిడ తల వంచుకుంది.

ఆ తొట్టెలోంచి ఒక లీటరు నీళ్ళు సీసాలో పట్టి తెచ్చుకున్నాను. స్టవ్ మీద ఇగిరిపోయేదాకా కాచి, అడుగున మిగిలిన ఉప్పు గీకి తూచాను. ముప్పై అయిదు గ్రాములుండాలి. నలభై ఏడుంది.

అప్పుడు వేసిన లెక్క ఇది. స్కిమ్మర్ ఉప్పుని తీయదు. అది తొట్టెకి ఉన్నా ఆ నలభై ఏడుని తగ్గించేది కాదు. కాబట్టి షాపతని మాట తప్పు. అయితే స్కిమ్మర్ కొనిపించి ఉంటే ఆయన లేని ఎనిమిది వారాలూ క్యాన్లు పోయకపోయినా నడిచేది, కిలోల ఉప్పు పడేది కాదు, చేపలుండేవి. కాబట్టి షాపతని మాట ఒప్పు. రెండు వందల లీటర్లకి అక్కర్లేదన్న నా లెక్క కూడా ఒప్పే. రెండు ఒప్పుల మధ్య పద్నాలుగు పోయాయి.

ఆ శనివారమే ఆయన్ని ఇంటికి తెచ్చారు. వాకరు పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ హాల్లోకి వచ్చాడు. చేపల సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. తొట్టెలో లైటు వెలుగుతూనే ఉంది. రాళ్ళు, ఇసక, నీళ్ళు. ఆవిడ తొట్టె పక్కన నిలబడి ఉంది. నా వైపు చూస్తుందనుకున్నాను, నోరు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నన్ను చూడలేదు. ఆయన్ని చూసింది.

"పద్నాలుగు పోయినయ్ అండీ," అంది.

ఆరేళ్ళ పైన ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట. ఆయన కుడిచెయ్యి వాకరు మీంచి కొద్దిగా లేచింది. అలవాటుగా చెవి దాకా వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు.

"పద్నాలుగు," అన్నాడు. అంతే. పది అనలేదు.

తర్వాత వాకరు జరుపుకుంటూ తొట్టె దగ్గరికి వెళ్ళాడు. మూత పక్కకి నెట్టి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆరేళ్ళు ప్రతి ఆదివారం ఆ నీళ్ళని నాలికతో తూచిన మనిషి. కళ్ళు తెరిచి ముందు అద్దం మీద కాగితాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కాటా మీద ఖాళీ బండిలా నిలబడ్డాను.

"స్కిమ్మర్ కొనాల్సింది," అన్నాడు ఆవిడ వైపు తిరిగి. "ఆ షాపాయన చెప్తానే ఉన్నాడు. నేనే వినలా. తప్పు నాది."

"కూర్చోండి ముందు. కాలు నొప్పి," అంది ఆవిడ.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలకి కరువు లేదు. ఆరేళ్ళు చేప మీదుగా కుదరని పోట్లాటలన్నీ నేరుగా మొదలయ్యాయి. వీధి చివరికి వినపడేవి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళోవాళ్ళ అంకెలకి యథాప్రకారం తరుగు తీస్తూనే ఉన్నాడు. ఆవిడ చెప్పినదానికి మాత్రం తీయలేదు. బీపీ నూట యాభై అంటే నూట యాభై. కాఫీ పెట్టి అరగంటైందంటే అరగంట.

నాతో ఆ విషయం ఒక్కసారే ఎత్తాడు. కర్ర పట్టుకుని కాటా దగ్గరికి వచ్చి, కాటా మీదున్న లారీ దిగి వెళ్ళేదాకా ఆగి, నా పుస్తకంలోకి తొంగిచూశాడు.

"నీకు వందకి ముప్పై అని ఊరికే పెట్టలా లెక్కలూ," అన్నాడు. "సరిగ్గానే పెట్టా."

ఆయన తీస్తాడని నేను పెంచానో, నేను పెంచేవాణ్ణని ఆయన తీశాడో, ఆ లెక్క ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆయన నా భుజం తట్టి, టీ చెప్పమని, తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఆ కిలో సంగతి ఆవిడకి మాత్రం ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

కర్మ అయిన నాలుగో రోజు ఆవిడ కబురు పెడితే వెళ్ళాను. తొట్టె హాల్లోనే ఉంది. అందులో ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు పోసి పెట్టింది, సరిగ్గా నేను గీసిన గీత దాకా. మూలలు విరగకుండా అద్దం మీంచి ఊడదీసిన కాగితం నా చేతిలో పెట్టింది. నా చేతిరాతే. కిలో అన్న మాట దగ్గర నీటి మరక.

"ఆయన స్కిమ్మర్ అన్నాడు తమ్ముడూ. తప్పు నా మీద పడకుండా ఆయన అన్న మాట అది, నాకు తెలియదా? నేను నువ్వు రాసినట్టే చేశా. పోయేటప్పుడు ఒక్కోటీ నా కళ్ళ ముందే పోయింది. నాకేమో లెక్క రాదు. నేనెక్కడ తప్పానో చూసి చెప్పు."

"మీ తప్పేం లేదండీ."

"ఆ మాట ఎవరైనా అంటారు. అంకె చెప్పు."

చూసి చెబుతానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చూడటానికి ఏమీ లేదు. ఎనిమిది ఆదివారాలు, ఆదివారానికి రెండు క్యాన్లు, మొత్తం పదహారు. క్యానుకి ఉండాల్సింది ఏడు వందలు, నేను రాసింది కిలో, తేడా మూడు వందలు. పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. ఆవిడకి నేను చెప్పాల్సిన అంకె నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఈ రోజు దాకా చెప్పలేదు.